సగటు చెప్పని నష్టం: ఉత్తరాంధ్రలో వన్యప్రాణి సంరక్షణ, సంక్షేమం, సేద్యం

సారాంశం

వన్యప్రాణి సంరక్షణ జాతి మనుగడను లెక్కిస్తుంది. వన్యప్రాణి సంక్షేమం ఒక్కొక్క ప్రాణి పడే బాధను పట్టించుకుంటుంది. ఈ రెండూ ఒకే దారిలో నడుస్తాయని సాధారణంగా భావిస్తాము. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతపు అనుభవం అంత సులభంగా లేదు. ఏనుగులు, ఎలుగుబంట్లు, గూడు కట్టే నీటి పక్షులు ఉదాహరణలుగా ఈ రెండు దృష్టుల మధ్య భేదాన్ని వివరించి, అందులో రైతు స్థానమేమిటో, పంటల ప్రణాళికను సిఫారసు చేసే శాస్త్రవేత్త బాధ్యత ఏమిటో ఈ వ్యాసం చర్చిస్తుంది.

1. తప్పిపోయిన మడి

క్షేత్ర ప్రయోగాలు నిర్వహించిన ప్రతి విద్యార్థికీ ఎప్పుడో ఒకప్పుడు ఈ సమస్య ఎదురవుతుంది. వేరుశనగ ప్రయోగం చక్కగా సాగుతూ ఉంటుంది. కోతకు వారం రోజుల ముందు ఒక రాత్రి అడవిపందులు దిగి ఒక మడిని తవ్విపోతాయి. ఆ మడి దిగుబడి ఇక తెలియదు. ఇటువంటి సందర్భానికి గణాంకశాస్త్రం ఒక పరిష్కారం చూపింది. ఫ్రాంక్ యేట్స్ 1933లో వివరించిన పద్ధతి ప్రకారం, అదే ట్రీట్‌మెంటు పొందిన మిగిలిన మడుల దిగుబడిని, అదే రెప్లికేషన్‌లోని ఇతర మడుల దిగుబడిని, ప్రయోగపు మొత్తాన్ని ఆధారం చేసుకుని తప్పిపోయిన మడికి ఒక విలువను అంచనా వేస్తాము. దోషానికి చెందిన డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడంలో ఒకటి తగ్గించి విశ్లేషణను పూర్తి చేస్తాము. ఈ వ్యాసకర్త కూడా పలుమార్లు అలాగే చేసి, నివేదికలో “జంతువుల వలన ఒక మడి నష్టపోయినది” అని ఒక్క వాక్యం రాసి ముందుకు సాగినవాడే.

ఆ పద్ధతిలో దోషమేమీ లేదు. అయితే అంచనా వేసిన విలువ కొత్త సమాచారమేదీ ఇవ్వదని, లెక్క సాగడానికి మాత్రమే అది పనికివస్తుందని పాఠ్యగ్రంథాలే చెబుతాయి. మన ప్రయోగానికి ఆ మాత్రం చాలును. పరిశోధన కేంద్రం కంచె దాటి రైతు పొలంలోకి వెళితే చాలదు. రైతుకు ఉన్నది ఒకే మడి. ఆ మడి తప్పిపోతే, పక్క రైతుల దిగుబడి నుండి అంచనా వేసిన విలువ అతని గాదెలోకి రాదు. మరొక సంగతి కూడా ఉన్నది. “జంతువుల వలన” అన్న మాటలో ఆ జంతువు ఏది, ఎందుకు వచ్చింది, తరువాత దానికి ఏమైంది అన్న ప్రశ్నలకు చోటు లేదు. మన లెక్కలో రైతు, జంతువు ఇద్దరూ ఒకే వాక్యంలో కనుమరుగవుతున్నారు. వన్యప్రాణుల విషయంలో నైతిక చర్చ ఆ వాక్యం దగ్గర మొదలు కావాలి.

2. ఉత్తరాంధ్రలో పరిస్థితి

ఒడిశాలోని గజపతి జిల్లా లఖేరీ లోయ నుండి 2007 ప్రాంతంలో ఏనుగులు సరిహద్దు దాటి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల ఏజెన్సీ మండలాలలోకి వచ్చాయి. 2018లో మరొక గుంపు వచ్చింది. అప్పటి నుండి కురుపాం, జియ్యమ్మవలస, కొమరాడ, గరుగుబిల్లి మండలాల పొలాలలో, నాగావళి తీరంలో ఏనుగుల సంచారం సాధారణమైపోయింది. ఈ ప్రాంతంలో అధిక భాగం 2022 ఏప్రిల్ 4 నుండి పార్వతీపురం మన్యం జిల్లాలో ఉన్నది. ఎదిగిన ఏనుగుకు రోజుకు సుమారు 150 కిలోల మేత, 100 లీటర్లకు పైగా నీరు కావాలి. వరి, చెరకు, అరటి, మొక్కజొన్న, వాటి పక్కనే నది ఉన్న మైదానం దానికి అడవి కంటె తక్కువ శ్రమతో ఎక్కువ ఆహారమిచ్చే చోటు. పంటలతో పాటు మనుషుల ప్రాణాలు కూడా పోయాయి. 2023 మే 12న భామిని మండలం కాట్రగడ వద్ద పొలాలలోని ట్రాన్స్‌ఫార్మర్‌కు తగిలి నాలుగు ఏనుగులు విద్యుదాఘాతంతో మరణించాయి.

తీరం వైపున ఉద్దానం ఉన్నది. కొబ్బరి, జీడిమామిడి, పనస, మామిడి తోటలు, వాటి నడుమ చిన్న చిన్న కొండగుట్టలు ఎలుగుబంట్లకు తరతరాల ఆవాసం. చెదపురుగులు, చీమలు, తేనె, రేగు, నేరేడు, ఇప్ప పువ్వు వాటి ఆహారం. వాటితో పాటు తోటలో రాలిన జీడిమామిడి పండ్లను, పనస తొనలను కూడా తింటాయి. 2018 జూన్‌లో సోంపేట మండలంలో ఎలుగుబంటి దాడిలో ప్రాణనష్టం జరిగింది. ఆగ్రహించిన గ్రామస్థులు ఆ ఎలుగును చంపివేశారు. అదే సంవత్సరం అక్టోబరు 11న తీరం దాటిన తిత్లీ తుఫాను ఉద్దానం తోటలను కూల్చివేసింది. చెట్లు కోల్పోయిన రైతు గురించి చాలా చర్చ జరిగింది. అవే చెట్ల నీడలో తిరిగే జంతువు గురించి జరగలేదు. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలంలో ఒక ఎలుగుబంటి దాడులలో ఒకరు మరణించగా పలువురు గాయపడ్డారు. అటవీశాఖ మత్తుమందు ప్రయోగించి దానిని బంధించింది. విశాఖపట్నం జంతుప్రదర్శనశాలకు తరలించే క్రమంలో ఆ ఎలుగు మరణించింది.

మూడవ ఉదాహరణ వేరొక విధమైనది. టెక్కలి సమీపంలోని తేలినీలాపురానికి ఏటా వర్షాకాలం చివర గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు వచ్చి, చింతచెట్లపై గూళ్లు కట్టి, పిల్లలను పెంచి, వేసవి ఆరంభంలో వెళ్లిపోతాయి. సైబీరియా పక్షులని వ్యవహారంలో అన్నా, ఈ గూడబాతులు మన ఉపఖండానికి చెందినవే. ఇచ్ఛాపురం మండలం తేలుకుంచికి నత్తగుల్ల కొంగలు వస్తాయి. ఈ రెండు గ్రామాల ప్రజలు పక్షులను ఇంటి ఆడపడుచుల వలె చూసుకుంటారన్న కీర్తి ఉన్నది. 2021–22 శీతాకాలంలో తేలినీలాపురంలో వందకు మించి గూడబాతులు చనిపోయాయి. చేపల ద్వారా పక్షి కడుపులో చేరే నెమటోడ్ పురుగులే కారణమని పరీక్షలలో తేలింది.

3. సంరక్షణ వేరు, సంక్షేమం వేరు

పై ఉదాహరణలలో ప్రతిదానికీ రెండు ప్రశ్నలు వేయవచ్చును. జాతి పరిస్థితి ఏమిటి? ఆ ఒక్క ప్రాణి పరిస్థితి ఏమిటి? మొదటిది సంరక్షణకు చెందిన ప్రశ్న, రెండవది సంక్షేమానికి చెందినది.

అమెరికా అటవీ శాస్త్రవేత్త ఆల్డో లియోపోల్డ్ మరణానంతరం 1949లో వెలువడిన అతని గ్రంథం “భూమి నీతి” అనే భావనను ముందుకు తెచ్చింది. నేల, నీరు, మొక్కలు, జంతువులు, మనిషి కలిసి ఒక సముదాయమని, ఆ సముదాయపు సమగ్రతను నిలిపే పని మంచిదని ఆ భావన సారం. ఈ దృష్టిలో ప్రధానమైనది సముదాయం. ఒక జింక మరణం దానికి పెద్ద విషయం కాదు. జింకలు మితిమీరి పెరిగి అడవిని తినివేస్తే వేట తప్పు కూడా కాదు. ఇందుకు భిన్నంగా పీటర్ సింగర్ 1975లో, టామ్ రీగన్ 1983లో ప్రకటించిన గ్రంథాలు ఒక్కొక్క ప్రాణిని కేంద్రంగా తీసుకున్నాయి. బాధను అనుభవించగల ప్రాణి బాధను మన లెక్క నుండి తీసివేయడానికి అది మన జాతిది కాదన్న కారణం చాలదని సింగర్ వాదం. ఈ రెండు దృష్టుల పొత్తు నిలిచేది కాదని తత్త్వవేత్త మార్క్ సాగోఫ్ 1984లోనే వాదించాడు.

ఈ భేదం వ్యవసాయ విశ్వవిద్యాలయంలో చదివినవారికి కొత్తది కాదు. పశువైద్యుడు ఒక్క ఆవును చూస్తాడు. మనం చేనును చూస్తాము. వరి పూత దశలో దుబ్బుకు 20–25 సుడిదోమలు కనిపించే వరకు మందు కొట్టవద్దని చెబుతాము. అది నష్టపరిమితి. అక్కడ ఒక్కొక్క దోమకు లెక్క లేదు. సంఖ్యకే లెక్క. ఆ అలవాటు దోమకు సరిపోతుంది. ఏనుగుకు సరిపోదు. ఏనుగు గర్భధారణ కాలం 18 నుండి 22 నెలలు. ఒక ఈతకు మరొక ఈతకు మధ్య నాలుగైదు సంవత్సరాలు పడుతుంది. నీరు, మేత, దారి తెలిసిన పెద్ద ఆడ ఏనుగు వెంట గుంపు నడుస్తుంది. అది చనిపోతే గుంపు తన అనుభవాన్నే కోల్పోతుంది. అందువలన చిన్న గుంపులో నాలుగు మరణాలు సంరక్షణ లెక్కలో కూడా చిన్నవి కావు. ఇక్కడ రెండు దృష్టులూ కలుస్తున్నాయి.

ఎలుగుబంటి దగ్గర అవి విడిపోతాయి. 2022లో మరణించిన ఎలుగు ఒక్కటే. దాని వలన జాతికి ముప్పు లేదని సంరక్షణ శాస్త్రం చెప్పవచ్చును. మత్తు, బోను, దూర ప్రయాణం, గుంపుగా చేరిన జనపు అరుపులు ఆ ఒక్క ప్రాణికి ఎంత భయం, ఎంత బాధ కలిగించి ఉంటాయని సంక్షేమ దృష్టి అడుగుతుంది. చనిపోయిన వ్యక్తి ఇంటివారికి ఈ రెండు ప్రశ్నలూ దూరమైనవే. ఎద్దు పుండు కాకికి ముద్దా అన్న సామెత ఇక్కడ అన్ని వైపులకూ వర్తిస్తుంది. జంతువు బాధ గ్రామానికి పట్టదు. గ్రామం బాధ పట్నపు జంతుప్రేమికుడికి పట్టదు.

ఈ రెండవ అంశాన్నే చరిత్రకారుడు రామచంద్ర గుహ 1989లో ఒక ప్రసిద్ధ వ్యాసంలో ఎత్తిచూపాడు. అమెరికాలో పుట్టిన “మనిషి లేని అడవి” అనే ఆదర్శాన్ని భారతదేశంలో అమలుచేస్తే, దాని ప్రయోజనం సంపన్నులకు, భారం అడవి అంచున ఉన్న పేదలకు దక్కుతుందని అతని విమర్శ. మన జిల్లాలలో ఆ అంచున ఉన్నవారు ఎక్కువగా సవర, జాతాపు గిరిజన రైతులు, కౌలుదారులు, తెల్లవారుజామున జీడిగింజలు ఏరే కూలి స్త్రీలు.

4. చట్టం చెప్పినది, చెప్పనిది

1976 నాటి 42వ సవరణ రాజ్యాంగంలో రెండు అధికరణాలను చేర్చింది. 48ఎ అధికరణం అడవులను, వన్యప్రాణులను రక్షించే పనిని రాజ్యానికి అప్పగించింది. 51ఎ(జి) అధికరణం ప్రాణుల పట్ల కారుణ్యం చూపడాన్ని పౌరుని విధిగా పేర్కొన్నది. మొదటిది సంరక్షణ, రెండవదానిలో సంక్షేమం కూడా ఉన్నది. ఈ రెండింటికీ అయ్యే ఖర్చును ఎవరు భరించాలో మాత్రం ఏ అధికరణమూ చెప్పలేదు.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఏనుగు, ఎలుగుబంటి మొదటి షెడ్యూలులో ఉన్నాయి. 11వ సెక్షను ప్రకారం అటువంటి జంతువు మనిషి ప్రాణానికి ప్రమాదకరంగా మారినప్పుడు, లేదా కోలుకోలేని స్థితిలో ఉన్నప్పుడు మాత్రమే ముఖ్య వన్యప్రాణి సంరక్షకుడు దాని వేటకు లిఖితపూర్వకంగా అనుమతించవచ్చును. బంధించడం, మత్తు ఇవ్వడం, వేరొకచోటికి తరలించడం సాధ్యం కాదని తేలిన తరువాతే చంపడానికి ఆదేశించాలి. ఆత్మరక్షణలో సద్భావంతో చంపినది నేరం కాదు. బంధించే, తరలించే ప్రక్రియలో జంతువుకు కనీస గాయం, కనీస భయం మాత్రమే కలగాలన్న వివరణ కూడా ఆ సెక్షనులోనే ఉన్నది. సంరక్షణ చట్టంలో సంక్షేమం అడుగుపెట్టిన చోటు అది. 2014లో సుప్రీంకోర్టు ఎ. నాగరాజ కేసు తీర్పులో ఆకలి, భయం, నొప్పి వంటి వాటి నుండి జంతువులకు ఉండవలసిన ఐదు స్వేచ్ఛలను గుర్తించింది.

చట్టం తరలింపును చంపడం కంటె మెరుగైనదిగా భావించింది. అది సమంజసమే. అయినా తరలింపు ప్రతిసారీ పరిష్కారం కాదు. శ్రీలంకలో రేడియో కాలర్లు వేసి వదలిన మగ ఏనుగులపై 2012లో ప్రచురితమైన పరిశోధనలో, వాటిలో అనేకం పాత చోటికి తిరిగి రావడానికి ప్రయత్నించాయని, కొన్ని కొత్త చోట్ల అంతకంటె ఎక్కువ ఘర్షణకు కారణమయ్యాయని తేలింది. సమస్య ఆ జంతువు స్వభావంలో మాత్రమే లేదు. అది నడిచే నేల మీద మనం ఏమి పెంచుతున్నాము, ఏమి పాతుతున్నాము అన్న దానిలో కూడా ఉన్నది.

5. సగటు లెక్క ఎవరిని దాచుతుంది?

ఉదాహరణకు ఒక గ్రామంలో 400 ఎకరాల వరి ఉన్నదనుకుందాము. ఏనుగులు ఒక రాత్రి రెండెకరాలను తొక్కి తిని పోయాయి. గ్రామపు నష్టం 0.5 శాతం. జిల్లా నివేదికలో ఆ సంఖ్య కనిపించదు. ఆ రెండెకరాలు ఒకే కౌలురైతువైతే అతని నష్టం 100 శాతం. ముందుగా ఒప్పుకున్న కౌలు, ఎరువుల అప్పు మిగిలే ఉంటాయి.

ప్రాంతపు దిగుబడి ఆధారంగా నడిచే పంటల బీమాలో ఇదే లోపం ఉన్నది. పంటకోత ప్రయోగాలకు యాదృచ్ఛికంగా ఎంచిన మడులలో ఆ రెండెకరాలు పడే అవకాశం స్వల్పం. పడకపోతే బీమా లెక్కలో ఆ రాత్రి జరగనే లేదు. వన్యప్రాణుల వలన కలిగే నష్టాన్ని పొలం వారీగా అంచనా వేసే స్థానిక విపత్తుగా ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజనలో గుర్తించనున్నట్లు కేంద్ర వ్యవసాయ శాఖ 2025 నవంబరులో ప్రకటించడం ఈ కారణంగా ముఖ్యమైనది. అమలులో పట్టా లేని పోడు రైతుకు, కాగితం లేని కౌలుదారుకు అది అందుతుందా అన్నదే అసలు పరీక్ష.

జంతువు వైపు నుండి చూసినా సగటు ఇదే పని చేస్తుంది. దేశంలో 2017 గణన ప్రకారం ఏనుగులు 29,964. ఆ సంఖ్య నిలకడగా ఉన్నంత కాలం ఒక ఏనుగు ఉచ్చులో కాలు తెగి నెలల తరబడి కుంటుతూ తిరిగినా గణనలో అది ఒకటే. జాతి క్షేమంగా ఉండగా ప్రాణి నరకం అనుభవించవచ్చును. జిల్లా క్షేమంగా ఉండగా రైతు కుటుంబం వీధిన పడవచ్చును. రెండు అన్యాయాలకూ మూలం ఒకటే. మొత్తం బాగుంటే చాలునన్న ఆలోచన. జంతు సంక్షేమాన్ని, రైతు న్యాయాన్ని శత్రువులుగా నిలబెట్టే చర్చ ఈ పోలికను గమనించడం లేదు. విడి ప్రాణిని లెక్కించాలన్న వాదన నిజాయితీగా సాగితే, విడి రైతును లెక్కించకుండా ఆగిపోలేదు.

తేలినీలాపురాన్ని ఆదర్శంగా చూపి ఉద్దానం రైతును నిందించడం కూడా ఈ కారణంగానే తప్పు. గూడబాతు వరి తినదు. నత్తగుల్ల కొంగ పొలంలో నత్తలను తిని మేలు చేస్తుంది. పక్షిని ప్రేమించడానికి ఆ గ్రామాలు చెల్లించే మూల్యం, చేపల పెంపకందారులను మినహాయిస్తే, భరించదగినది. ఎలుగుబంటిని సహించడానికి ఉద్దానం చెల్లించే మూల్యం ఒక్కొక్కసారి మనిషి ప్రాణం. అది ఒకే జిల్లా, ఒకే సంస్కృతి. దయలో తేడా కంటె భారంలో తేడా ఎక్కువ. భారం తగ్గించకుండా దయను బోధించడం నీతి అనిపించుకోదు.

6. ప్రకృతి పెట్టే బాధ, మనిషి పెట్టే బాధ

సంక్షేమ దృష్టిని చివరి వరకు తీసుకుపోతే ఒక చిక్కు ఎదురవుతుంది. అడవిలో ఆకలి, వ్యాధి, పరాన్నజీవులు, వేటాడే మృగం నిత్యం ఉన్నవే. వాటన్నింటి నుండి ప్రతి ప్రాణినీ కాపాడే బాధ్యత మనదేనా? గూడబాతుల కడుపులోని పురుగులకు మందు వేయాలా?

అవునని చెబితే అడవి అడవిగా మిగలదు. పులి ఆకలి తీరాలంటే జింక చావాలి. కాదని పూర్తిగా చేతులు దులుపుకోవడం కూడా సరికాదు. బాధకు కారణం ఎంతవరకు మనిషి చేతిలో ఉన్నదో, మన బాధ్యత కూడా అంతవరకు ఉన్నదన్నది ఈ వ్యాసకర్త అభిప్రాయం. ఈ కొలతతో చూస్తే ట్రాన్స్‌ఫార్మర్, అక్రమ కరెంటు తీగ, ఉచ్చు, నాటుబాంబు, గట్టు లేని బావి పూర్తిగా మన బాధ్యత. అక్కడ సంరక్షణా సంక్షేమమా అన్న తర్కానికే చోటు లేదు. పరాన్నజీవి మధ్యస్థం. పురుగు ప్రకృతిదే. పక్షులు మేసే చెరువుల నీటి నాణ్యత, చేపల ఆరోగ్యం, గూళ్లకు మిగిలిన చెట్ల సంఖ్య మాత్రం మనిషి నిర్ణయాల మీద ఆధారపడినవి. కనుక పక్షికి మందు వేయడం కంటె చెరువును పరిశీలించడం, గూడు చెట్లు పెంచడం సముచితమైన జోక్యం. పులి వేటాడిన జింక విషయంలో మనకు పని లేదు.

మాటల విషయంలో కూడా జాగ్రత్త అవసరం. అడవిపంది, కోతి వంటి వాటిని మన శాస్త్రం “సకశేరుక చీడలు” అన్న శీర్షిక కింద చేరుస్తుంది. చీడ అన్నది ఏ ప్రాణికీ స్వభావసిద్ధమైన గుణం కాదు. ఒక పంటతో, ఒక ఋతువులో, ఒక చోట దానికి ఏర్పడిన సంబంధం పేరు అది. ఆ సంబంధాన్ని మార్చడం శాస్త్రవేత్త పని. శీర్షికే తీర్పుగా మారితే, చంపడం తప్ప వేరే ఉపాయం వెదకడం మానివేస్తాము.

7. విస్తరణ కార్యక్రమాలలో చేయదగినవి

మనిషి ప్రాణరక్షణ మొదటిదన్న విషయంలో వివాదం లేదు. ఆ ప్రాణాన్ని, జంతువు ప్రాణాన్ని కూడా ప్రమాదం వరకు రాకుండా చూసే అవకాశం పంటల ప్రణాళికలో ఉన్నది. ఈ క్రింది అంశాలు గ్రామసభలలో, రైతు శిక్షణలలో చేర్చదగినవి.

ఒకే కాలంలో కోత: ఏనుగుల రాక వరి పాలుపోసుకునే దశ నుండి కోత వరకు ఎక్కువ. ఒకే రోజు నారు పోసినా, 120 రోజుల కాటన్‌దొర సన్నాలు కోతకు వచ్చిన తరువాత 150 రోజుల స్వర్ణ ఇంకా నెల రోజులు చేనులో ఉంటుంది. ఆ నెల కాపలా, ఆ నెల ప్రమాదం రకం ఎంపిక వలన వచ్చినవే. ఏనుగుల దారిలో ఉన్న గ్రామాలలో రకానికి సిఫారసు చేసేటప్పుడు దిగుబడితో పాటు కాపలా రాత్రుల సంఖ్యను కూడా లెక్కించాలి. గ్రామమంతా దాదాపు ఒకే వారంలో కోసేలా చూడాలి. నూర్చిన ధాన్యాన్ని కళ్లంలో నిల్వ ఉంచరాదు.

ప్రత్యామ్నాయ పంటలు: పసుపు, అల్లం, మిరప వంటివి ఏనుగులు ఇష్టపడనివి. అంచు పొలాలలో వీటిని సూచించవచ్చును. తినకపోయినా తొక్కే అవకాశం ఉన్నదని, మార్కెట్ ధర హామీ లేనిదే పంట మార్పు రైతుకు మరొక నష్టమని కూడా చెప్పాలి. అరటి, చెరకు కొత్త తోటలను ఏనుగులు తరచు నడిచే దారికి ఆనుకుని ప్రోత్సహించరాదు.

తోట పారిశుద్ధ్యం: జీడిమామిడిలో గింజ తీసిన పండును చెట్టు కిందనే వదలివేయడం ఎలుగును పిలవడమే. ఫిబ్రవరి నుండి మే వరకు పండ్లను రోజూ ఏరి గుంతలో పూడ్చడం, లేదా కంపోస్టుకు, పశువుల మేతకు వాడడం అలవాటు చేయాలి. పనస వ్యర్థాలను ఇళ్ల దగ్గర పారవేయరాదు. తెల్లవారుజామున, సంధ్యవేళ ఒంటరిగా తోటకు పోకుండా, ఇద్దరు ముగ్గురు కలిసి మాట్లాడుకుంటూ నడవాలి. ఎలుగు దాడులు ఎక్కువగా అది అకస్మాత్తుగా మనిషిని ఎదుర్కొన్నప్పుడు, పిల్లలు వెంట ఉన్నప్పుడు జరుగుతాయి. మనిషి వస్తున్న శబ్దం ముందుగా వినిపిస్తే అది తప్పుకొంటుంది.

కంచెలు: సౌరకంచెలోని ఎనర్జైజర్ క్షణమాత్రపు విద్యుత్ స్పందనలను విడివిడిగా పంపుతుంది. తగిలిన జంతువు ఉలిక్కిపడి వెనుదిరుగుతుంది. ఇంటి కరెంటునో, పైనున్న లైనునో నేరుగా తీగకు కలిపితే అది కంచె కాదు, ఉరి. జంతువుతో పాటు నీళ్లు కట్టడానికి వెళ్లిన పొరుగు రైతునూ చంపుతుంది. ఈ భేదాన్ని ప్రతి శిక్షణలో ప్రదర్శించి చూపాలి. ఆఫ్రికాలో ఫలితమిచ్చిన తేనెటీగల కంచెను ఖాదీ గ్రామోద్యోగ కమిషన్ 2021లో కొడగులో ప్రారంభించింది. మన మండలాలలో చిన్న స్థాయిలో పరీక్షించి చూడదగినది. తేనె ఆదాయం అదనం.

ట్రాన్స్‌ఫార్మర్లు, తీగలు: తక్కువ ఎత్తు దిమ్మెపై ఉన్న ట్రాన్స్‌ఫార్మర్లు, వేలాడే లైన్లు ఉన్న చోట్ల జాబితాను క్షేత్ర పర్యటనలలోనే తయారుచేసి, విద్యుత్ పంపిణీ సంస్థకు, అటవీశాఖకు ఇవ్వాలి. ఇది మన పని కాదనుకోరాదు. ఆ పొలంలో క్రమం తప్పకుండా తిరిగే శాస్త్రీయ సిబ్బంది మనమే.

నష్టపు నమోదు: పంట నష్టాన్ని వ్యవసాయ, ఉద్యాన, రెవెన్యూ, అటవీ సిబ్బంది కలిసి పొలం వారీగా, సాగుదారు పేరుతో, పంట దశతో సహా నమోదు చేయాలి. 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం కింద ఇచ్చే కార్డులు కౌలురైతుకు ఇక్కడ ఆధారం కాగలవు. అటవీ హక్కుల పత్రం ఉన్న గిరిజన రైతుకు ఆ పత్రమే ఆధారం కావాలి. పరిహారం ఆలస్యమైన ప్రతి వారం ఆ గ్రామంలో అక్రమ తీగకు సమర్థన పెరుగుతుంది.

8. ముగింపు

సంరక్షణకు సంఖ్యలు కావాలి. సంఖ్యలు లేకుండా ఏ జాతినీ కాపాడలేము, ఏ పంటనూ మెరుగుపరచలేము. ఆ సంఖ్యల వెనుక తన చేను పోగొట్టుకున్న మనిషి, తీగకు తగిలి పడిపోయిన ప్రాణి ఉన్నారని గుర్తుంచుకోవడం నీతి. ఈ రెండింటినీ కలిపి ఆలోచించే చోటు అడవిలో కంటె పొలం గట్టు మీద, రకం ఎంపికలో, తీగ ఎత్తులో, పండ్లు పూడ్చే గుంతలో ఎక్కువగా ఉన్నది. అక్కడ మాట చెల్లేది విస్తరణ శాస్త్రవేత్తదే.

విద్యార్థులకు ఒక చిన్న సూచనతో ముగిస్తాను. ఇకపై మీ ప్రయోగంలో ఒక మడిని జంతువులు పాడుచేస్తే, దిగుబడిని అంచనా వేసే ముందు మరికొన్ని వివరాలు రాయండి. ఏ జంతువు, ఏ తేదీ, పంట ఏ దశలో ఉన్నది, ఏ వైపు నుండి వచ్చింది, చుట్టుపక్కల పొలాలలో ఏమి జరిగింది. యేట్స్ సూత్రానికి ఈ సమాచారం అవసరం లేదు. అదే రాత్రి పక్క ఊరిలో చేను పోగొట్టుకున్న రైతుకు, మళ్లీ అదే దారిన రాబోయే జంతువుకు అవసరం.